వేసవి చివర వీధి అరుగు మీది పూలకుండీలు



నేడు నేను ప్రసంగింపనున్న విషయము చిన్నది. వీధి అరుగు మీద పెట్టుకొనిన పూలకుండీలు వేసవి వేడికి వాడి వ్రేలాడుచుండగా, వానలు పడకమునుపే అవి కోలుకొనునట్లు ఏమి చేయవలెననునదియే నా ప్రసంగము. రోహిణి కార్తెలో రైతు ఒక కన్ను ఆకాశము మీదను, ఒక కన్ను విత్తనముల అంగడి మీదను ఉంచి కూర్చుండునే, ఇట్టి సమయమున కుండీల ముచ్చట ఏల యని ఎవరైన అనవచ్చును. పొలము గట్టున నడచు కాలిసత్తువ తగ్గి, ప్రొద్దుగడచుట అరుగు మీదనే యైన మాబోటివారికి మిగిలిన వ్యవసాయము ఇదియే గదా! ఇంటిలోని పసివాడు మొట్టమొదట తన చేతితో నీరుపోసి పెంచునది కుండీలోని మొక్కనే. ఉదయముననే దేవునికి నాలుగు పువ్వులిచ్చునదియు అదియే. అంతియకాదు, కుండీని సరిగా కనిపెట్టని యింటిలోనికి వానకాలమున జ్వరము ప్రవేశింపగలదు. ఆ సంగతి కొంత తడవునకు మనవి చేసెదను.

రోహిణి కార్తె మే నెల 25వ తేదీ ప్రాంతమున ప్రవేశించి జూన్ 7 వరకు నడచును. పిమ్మట మృగశిర. జూన్ 22 ప్రాంతమున ఆరుద్ర. నైరృతి ఋతుపవనము సామాన్యముగా జూన్ మొదటి తేదీకి కేరళ తీరము తాకి, ఆ మొదటి పక్షము లోపలనే మన సీమలకు వచ్చును. అనగా రోహిణి చివరివారమును, మృగశిర మొదటివారమును కలిపి మనకు దొరకు వ్యవధి పండ్రెండు, పదునాలుగు దినములు. కుండీల పని అంతయు ఈ నడుమనే జరుగవలెను. నెల్లూరు సీమవారికి మాత్రము పెద్దవాన ఈశాన్యము నుండి అక్టోబరు, నవంబరు మాసములలో వచ్చును గనుక, వారు వేసవి కాపుదల ఇంకను కొన్ని నెలలు విడువరాదు.

మే నెల కడపట కుండీల వంక ఒకసారి చూడుడు. ఆకులంచులు మాడి గోధుమవన్నె తిరిగియుండును. మన్ను బిగిసి కుండీ గోడను విడిచి లోపలికి కుంచించుకొని పోయియుండును. కుండీ వెలుపల తెల్లని పొర కట్టియుండును. దీనిని చూచి మనవారు మూడు విధముల తొందరపడుదురు. కొందరు మొక్క చచ్చినదని పీకి దిబ్బమీద వేయుదురు. కొందరు జాలిపడి బిందెలకొలది నీరు గ్రుమ్మరింతురు. మరికొందరు బలము చాలలేదని చారెడు యూరియా వేయుదురు. మొదటివారు బ్రదికియున్న మొక్కను పారవైచుచున్నారు. రెండవవారి నీరు మొక్కకు అందుట లేదు. మూడవవారు దాహముతో నున్నవానికి ఉప్పు తినిపించుచున్నారు.

సంస్కృతమున చెట్టునకు పాదపమని పేరు. పాదములతో త్రాగునది యని దాని వ్యుత్పత్తి. నలుబదేండ్లు బడిలో ఈ మాటను పిల్లలకు చెప్పుచు వచ్చితిని. కుండీలోని మొక్కకు తగినంతగా ఇది మరి దేనికిని తగదని నాకు తోచుచున్నది. నేలలోని చెట్టు నీరు దొరకనిచో తన పాదమును ఇంకను లోతునకు చాచును. కుండీలోని మొక్కకు ఆ స్వాతంత్ర్యము లేదు. జానెడు మన్నే దాని లోకము. కనుక వేసవి చివర మనము చికిత్స చేయవలసినది ఆకునకు కాదు, వేరునకు. వాడిన ఆకును చూచి ఆకు మీద నీళ్ళు చల్లుట, తల తిరుగుచున్నదన్నవానికి తలపాగా మార్చుట వంటిది.

మొదట నీటి సంగతి చెప్పెదను. మన్ను మిక్కిలి ఎండినప్పుడు నీటిని పీల్చుకొను గుణమును కోల్పోవును. అట్టి కుండీలో చెంబెడు నీళ్ళు పోయగా, అవి మన్నునకును కుండీ గోడకును నడుమ నేర్పడిన సందులోనుండి జారి, నిమిషములో అడుగు బెజ్జము గుండ వెలుపలికి వచ్చును. పోసినవారు, “క్రిందకు కారినది, ఇక చాలును” అని తృప్తిపడి లోనికి పోవుదురు. నడుమ వేళ్ళున్న ముద్ద మాత్రము ఎండిన ఇటుకవలెనే యుండును. ఇట్లు దినమునకు రెండు పూటల నీరు పోయుచు మొక్కను దప్పికతో చంపిన యిండ్లు పెక్కు కలవు. మన్ను తడిసినదో లేదో తెలిసికొనుటకు గొప్ప యుపాయములు అక్కరలేదు. చూపుడువ్రేలు రెండు కణుపుల వరకు లోనికి దించుడు. వ్రేలు దిగనిచో వెదురుపుల్ల దించి తీసి చూడుడు; మన్ను అంటుకొని వచ్చినచో తడి యున్నదన్నమాట. చేయి తిరిగినవారు కుండీని కొంచెము వంచి, బరువును బట్టియే చెప్పగలరు.

ఇట్లు గట్టిపడిన చిన్న కుండీని నీళ్ళతొట్టిలో గాని గంగాళములో గాని అంచువరకు ముంచి ఉంచవలెను. లోనుండి బుడగలు లేచును. బుడగలు నిలిచిన తరువాత పైకి తీసి, నీరు పూర్తిగా ఓడ్చి, నీడలో ఉంచవలెను. ఎత్తలేని పెద్ద కుండీలకు సన్నని యినుపచువ్వతో వేళ్ళ ముద్ద చుట్టును నాలుగైదు గుంటలు పొడిచి, పావుగంటకు ఒకసారి చొప్పున మూడు తడవలు మెల్లగా నీరు పోయవలెను. మొదటి తడవ మన్నును మెత్తపరచును. రెండవ తడవ లోనికి దిగును. మూడవది వేరునకు చేరును. పెద్ద కుండీలను ఎత్తుటకు వయసు మళ్ళినవారు సాహసింపరాదు. అడుగు వెడల్పును అడుగు లోతును గల కుండీ తడిమన్నుతో 20 కిలోలు దాటును. గోనెపట్టాపై జరిపి ఈడ్చుట మేలు. లేదా మనుమలను పిలువుడు.

మధ్యాహ్నము నీరు పోసిన మొక్క చచ్చునను మాట మనలో కలదు. దానిలో కొంత నిజము, కొంత అపోహ. మిట్టమధ్యాహ్నము ఆకులు వ్రేలాడుచుండగా మన్ను తడిగానే యున్నచో, అది ఎండ తాకిడియే గాని దప్పిక కాదు. సాయంకాలమునకు తానే లేచును. దానికి నీరు పోసినచో వేరునకు గాలి యాడక క్రుళ్ళును. మన్నును ఎండియున్నచో సాయంకాలము వరకు ఆగనక్కరలేదు, అప్పుడే పోయవచ్చును. ఒక్క జాగ్రత్త కలదు. మేడ మీది తొట్టి నుండి వచ్చు గొట్టపు నీరు ఆ వేళ చేయి పెట్టలేనంత వేడిగా నుండును. దానిని బిందెలో పట్టి, చల్లారనిచ్చి పోయవలెను.

ఇక చచ్చినదని తోచిన మొక్కను గూర్చి. గోటితో కొమ్మ మీది బెరడును గింజంత మేర గీచి చూడుడు. లోపల పచ్చగా తడిగా నున్నచో ఆ కొమ్మకు ప్రాణమున్నది. గోధుమవన్నెగా పొడిగా నున్నచో ఇంకను క్రిందికి వచ్చి గీచి చూడవలెను. పైనుండి మొదలు వరకు ఎచ్చట పచ్చదనము కనబడునో అచ్చటికి ఒక వ్రేలెడు క్రిందుగా, కన్ను ఉన్నచోటికి కొంచెము పైన, వాడియైన కత్తితో ఏటవాలుగా కోయవలెను. మందారము, నందివర్ధనము, గులాబి, కరివేప – ఇవి పైన కట్టెవలె నెండియు మొదట ప్రాణము దాచుకొనియుండును. మొదలును ఎండినదైనను తొందరపడి పీకివేయరాదు. ఆరుద్ర కార్తె నడుమ వరకు తడి ఆరకుండ చూచి, అప్పటికిని చిగురు రానిచో ఆశ వదలుకొనవచ్చును.

వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమని ఒక అధ్యాయమునే వ్రాసెను. చలి, గాలి, ఎండ వీనివలన చెట్లకు రోగము పుట్టుననియు, ఆకులు తెల్లబారుట, చిగుళ్ళు ఎదుగకుండుట, కొమ్మలు ఎండుట దాని లక్షణములనియు అందు చెప్పబడియున్నది. చికిత్సలో మొదటి పని, రోగము పట్టిన భాగమును శస్త్రముతో కోసి శుభ్రపరచుట యని ఆయన మతము. పదునాలుగు శతాబ్దములు గడచినను ఈ మాటలో మార్పు చేయవలసినది లేదు. అయితే ఎండ తగ్గకమునుపు పచ్చికొమ్మను మితిమీరి కోయరాదు. ఎండుకొమ్మ ఎంత యున్నను తీయవచ్చును. పచ్చికొమ్మ మూడవ వంతునకు మించరాదు. ఆకులే మొక్కకు వంటయిల్లు. వేరునకు అన్నము అచ్చటినుండియే రావలెను.

కుండీ మీది తెల్లని పొరను గూర్చి కొంత విరివిగా చెప్పవలసియున్నది. అది సున్నము కాదు, బూజును కాదు, నీటిలోని లవణము. మన గ్రామములలో పెక్కింట బోరునీరు ఉప్పనగనో చవ్వగనో యుండును. మనము పోసిన నీరు ఆవిరియై పోవును, దానిలోని ఉప్పు పోదు. మాఘము మొదలు జ్యేష్ఠము వరకు ప్రతిదినము పోసిన నీటిలోని ఉప్పంతయు ఆ జానెడు మన్నులోనే కూడును. ఆకుల అంచులు మాడుటకు ఎండ ఎంత కారణమో, ఈ ఉప్పును అంతే కారణము. మన్నులో ఉప్పు హెచ్చినప్పుడు నీరున్నను వేరు దానిని లాగుకొనజాలదు. అట్టి కుండీలో యూరియా వేయుట ఏమగునో మీరే ఊహింపవచ్చును. మొక్క కోలుకొని రెండు జతల క్రొత్త చిగుళ్ళు వేయువరకు ఏ యెరువును అక్కరలేదు.

ఈ ఉప్పునకు మందు వాననీరు. దానిలో లవణము లేనట్లే. తొలకరి జల్లులు నాలుగు గట్టిగా పడి, కుండీలోని మన్నుగుండ దిగి, అడుగు బెజ్జముగుండ వెలుపలికి పోయినచో, నాలుగు నెలల ఉప్పు కడుగుకొని పోవును. వాన ఆలస్యమైనచో దొరకినంతలో మంచినీటితో, కుండీలో పట్టు మన్ను ఎంతయో దానికి రెండింతల నీరు మెల్లగా పోసి కడుగవలెను. గోడమీది పొరను కొబ్బరిపీచుతో రుద్ది తీయవలెను. అరుగుల మీది కుండీలలో సగము చూరు క్రింద నుండును గనుక వానకు తడియవు. ఎండలో మాడిన కుండీలను తొలకరికి రెండు దినములు వాకిటిలోనికి దించి తడియనిండు.

అయితే అడుగు బెజ్జము తెరచియున్నప్పుడే ఈ మేలు. అది మూసికొనియున్నచో ఆ వాననీరే విషమగును. వేసవి అంతయు దప్పికతో సగము వేళ్ళు పోగొట్టుకొనిన మొక్క, మృగశిరలో ఒక్క రాత్రి కురిసిన వానకు కుండీ నిండి నీరు నిలువగా, మిగిలిన సగమును క్రుళ్ళబెట్టుకొనును. “ఎండకు తట్టుకొనినది గాని వానకు చచ్చినది” అని మనవారు ఆశ్చర్యపడుదురు. వానకు కాదు, బెజ్జము మూసికొనుటచే చచ్చినది. కనుక వాన రాకమునుపే ప్రతి కుండీని ప్రక్కకు వంచి, అడుగున పుల్లతో పొడిచి చూచుకొనవలెను. సిమెంటు అరుగు మీద కుండీ అడుగు అతుకుకొని కూర్చుండినచో బెజ్జమున్నను లేనట్లే; మూడు పెంకుముక్కల మీదనో, రెండు ఇటుకల మీదనో ఎత్తి నిలుపవలెను. కుండీలకు మెరుగు రంగులు పూయుట ఇటీవల అలవాటైనది. మట్టికుండీ చెమర్చి చల్లబడునది. నూనెరంగు పూసినచో ఆ చెమట నిలిచిపోవును. మన పూర్వులు పూసిన జాజు దానికి అడ్డు కాదు. జాజు మీద రెండు సున్నపుగీతలు గీచిన కుండీకంటె అందమైనది నేను అంగడిలో చూడలేదు. ఇది నా వయసుతో వచ్చిన అభిప్రాయమని పిల్లలు అనినను అనవచ్చును.

మన్ను మార్చుట అన్ని కుండీలకును అక్కరలేదు. రెండేండ్లు దాటినదియు, అడుగు బెజ్జముగుండ వేళ్ళు వెలుపలికి వచ్చినదియు, నీరు ఇంకక పైననే నిలుచునదియు నైన కుండీనే మార్చవలెను. అందుకును రోహిణి ఎండలు తగవు. మొదటి జల్లు పడి, గాలి చల్లబడి, ఆకాశము మబ్బుగా నున్న దినమున చేయవలెను. ముందునాటి సాయంకాలము నీరు పోసి ఉంచుడు. మరునాడు ఎడమచేతి వ్రేళ్ళ సందున మొదలు పట్టి, కుండీని బోర్లించి, అంచును అరుగు మొనకు మెత్తగా తట్టినచో ముద్ద ముద్దగా వచ్చును. ముద్ద చుట్టును వేళ్ళు త్రాటివలె పెనవైచుకొనియుండును. వానిని వ్రేళ్ళతో విడదీసి, చుట్టలు చుట్టినవానిని, నల్లబడి మెత్తనైనవానిని కోయవలెను. తెల్లగా గట్టిగా నున్నవి మంచి వేళ్ళు. మొత్తము మీద నాలుగవ వంతునకు మించి తీయరాదు. తీసినదానికి తగినట్లుగా పైకొమ్మను తగ్గింపవలెను.

క్రొత్త మన్నునకు ఎర్రమన్ను రెండు పాళ్ళు, ఒక ఏడాది చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ముతక యిసుక ఒక పాలు చాలును. గుప్పెడు వేపపిండి కలిపినచో పురుగునకు అడ్డు. నల్లరేగడి కుండీకి పనికిరాదు. అది తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు నెఱ్ఱెలు వాసి వేళ్ళను త్రెంచును. పచ్చిపేడ అసలే వలదు. అది మగ్గునప్పుడు పుట్టు వేడి ఒక కీడు. తొలకరి సందెలలో వచ్చు పెంకుపురుగులు దానిలో గ్రుడ్లు పెట్టగా, తెల్లని వేరుపురుగు పుట్టుట మరియొక కీడు. కుండీ అడుగున బెత్తెడు మందమున గులకరాళ్ళో పెంకులో పరచినచో నీరు బాగుగా పోవునని పలువురి నమ్మకము. అది సరికాదు. సన్నని మన్నులోని నీరు దాని క్రింది పెద్ద రాళ్ళ సందులలోనికి సులభముగా దిగదు. మన్ను పూర్తిగా నానినగాని విడువదు. కనుక రాళ్ళు పరచినకొలది ఆ నానిన మన్ను వేళ్ళకు చేరువగును. వేళ్ళుండవలసిన తావును తగ్గును. బెజ్జము మీద బోర్లించిన పెంకు ఒక్కటి చాలును, మన్ను కారిపోకుండ. మన్ను కుండీ అంచునకు అంగుళము క్రిందుగా నిలుపవలెను. నాటినపిమ్మట ఒక వారము నీడ. తరువాత ఉదయపు టెండ.

నీడయన్నంతనే అరుగు దిక్కును గూర్చి ఒక మాట. ఉత్తరపు వాకిలి యింటివారు తమ అరుగునకు ఎండ రాదను ధైర్యముతో నీడమొక్కలను పెట్టుదురు. పది నెలలు అవి చక్కగా నుండి, మే, జూన్ మాసములలో మాడిపోవును. కారణము ఆకాశముననే యున్నది. సూర్యుడు ఉత్తరమునకు జరుగుచు, విజయవాడకు మే 7వ తేదీ ప్రాంతమునను, హైదరాబాదునకు మే 10వ తేదీ ప్రాంతమునను మధ్యాహ్నమున సరిగా నడినెత్తికి వచ్చును. అచ్చటినుండి ఇంకను ఉత్తరమునకు పోయి, జూన్ 21న మరలి, ఆగస్టు మొదటివారమున తిరిగి నడినెత్తికి వచ్చును. ఈ మూడు నెలలును మన సీమలో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరముననే యుండును. ఉదయాస్తమయములును ఈశాన్య వాయవ్యముల వైపునకు ఒరగి యుండును. కనుక దక్షిణపు అరుగునకు అప్పుడు ఎండ తగ్గును, ఉత్తరపు అరుగునకు హెచ్చును. పంచాంగములో కర్కాటక సంక్రమణము జూలై నడుమ చూపబడినను, ఆకాశమున సూర్యుడు మరలునది జూన్ 21 నాడే యని గుర్తింపవలెను. ఉత్తరపు అరుగు మీది నీడమొక్కలను ఆగస్టు వరకు ఇంటి దక్షిణపు ప్రక్కకో, వసారా లోపలికో మార్చుట యొక్కటే వానికి చాలిన మందు.

గాలివానలకు ముందే అరుగు అంచున నున్న కుండీలను, పిట్టగోడ మీది కుండీలను క్రిందికి దించవలెను. వేసవి చివరి గాలిదుమారము ఎట్టిదో మీకు తెలియును. ఆ గోడ ప్రక్కనే గదా పిల్లలు ఆడుకొనునది!

ఇందాక జ్వరమని చెప్పితిని గదా, అది డెంగీ జ్వరము. దానిని మోయు ఏడీస్ దోమ మురుగుకాలువలో కాదు, మన కుండీ క్రింది పళ్ళెములోని తేటనీటిలో పెరుగును. అది పగటివేళ కుట్టును. నీటిమట్టమునకు కొంచెము పైగా పళ్ళెము గోడకు గ్రుడ్లను అంటించును. ఆ గ్రుడ్లు నీరెండిపోయినను కొన్ని నెలలు చావక యుండి, వాన తడి తగిలినంతనే పొదుగును. గ్రుడ్డు దోమయై ఎగురుటకు సుమారు 7 నుండి 10 దినములు పట్టును. దీనినిబట్టి రెండు సంగతులు ఏర్పడుచున్నవి. నీరు పారబోసినంతమాత్రమున చాలదు. పళ్ళెమును పీచుతో గట్టిగా తోమవలెను. వారమునకు ఒక దినము ఏర్పరచుకొని తప్పక తోమవలెను. పదునైదు దినముల కొకసారి తోముట తోమకుండుటతో సమానము. నా మాట అడిగినచో వానకాలమున అరుగు మీది కుండీలకు పళ్ళెములే వలదందును. సీసాలో నీరు పోసి తీగలు పెంచువారును వారమున కొకసారి నీరు మార్చి, సీసా లోపల కడుగవలెను. పసిబిడ్డలున్న యింటిలో ఈ పని తక్కిన అన్నిటికంటె ముందు.

ఇక మొక్కల విషయము. అన్నిటికి ఒకే మందు లేదు.

తులసి వేసవి చివరకు వెన్నులు వేసి కట్టెబారును. వెన్ను ముదిరి విత్తనము పట్టినచో తన పని ముగిసినట్లుగా మొక్క క్షీణించును. వెన్నులను త్రుంచుచుండినచో ఆయువు పెరుగును. ముదిరిన వెన్నులనుండి విత్తనము నలిపి, వేరొక కుండీలో పైపైన చల్లి, పలుచగా ఇసుక జల్లి ఉంచుడు. మృగశిరలో మొలచినది కార్తికమున క్షీరాబ్ధి ద్వాదశి నాటికి పూజకు తగినంత యగును. తులసికి దప్పికకంటె భక్తి వలన అపాయము హెచ్చు. ఇంటిలో నలుగురు స్త్రీలున్నచో నలుగురును తలకొక చెంబు పోయుదురు. ఎవరి పుణ్యము వారిదే గాని వేరు మాత్రము ఒక్కటే. అందరును ఉద్ధరిణెతో పోసి, ఒక్కరు మాత్రము చెంబుతో పోయుదురని యింటిలో ఏర్పాటు చేసికొనుడు. దీపమును మొదట గాక కోటగూటిలో ఉంచవలెను. నూనె మన్నులోనికి దిగరాదు.

మల్లె పూత ముగిసినది గనుక ఎండుకొనలను, పూలు పూసిన కొనలను కొంచెము కత్తిరించిన చాలును. దాని పెద్దకోత శీతకాలమునకు ఉంచుడు. గులాబికిని అంతే, ఇప్పుడు ఎండుపుల్లలు తీయుట, వానలు వెనుకబడిన పిమ్మట అసలు కోత. మందారమును మాత్రము ఇప్పుడు మూడవ వంతు కోయవచ్చును; కోసిన కొమ్మలను పెన్సిలంత లావువి ఏరి నీడలో గ్రుచ్చినచో వానలకు వేరు పట్టును. మందారపు కొనలలో తెల్లని దూదివలె పిండినల్లి పట్టియుండును. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలియుటకు కొంచెము కుంకుడురసము చేర్చి, సాయంకాలము ఆకుల అడుగుప్రక్కన తడియునట్లు చల్లవలెను. వారమునకు మరల చల్లవలెను. ఒక్కసారి చల్లి మందు పని చేయలేదనుట తగదు.

మరువము వేసవికి ఓర్చి వానకు ఓర్వదు. దానిని మాత్రము చూరు క్రిందికి చేర్చుడు. కనకాంబరపు కాయలను వాన పడకమునుపే ఏరుకొనవలెను. తడి తగిలినంతనే అవి చిటచిట పగిలి గింజలను దూరముగా విసరివేయును. పొడికాయలను చెంబునీటిలో వేసి ఈ వింతను పిల్లలకు చూపవచ్చును. బడిలో ఎంత అల్లరివాడైనను ఆ క్షణమున నోరు మూసికొని చూచెడివాడు.

ఖాళీయైన కుండీలను ఊరక ఉంచరాదు. మొదటి జల్లునకు గడ్డిగులాబి, బిళ్ళగన్నేరు, సీతమ్మజడ వేయవచ్చును. బిళ్ళగన్నేరు ఎండకు లొంగదు, మేకయు ముట్టదు. అయితే దాని ఆకులు విషము గనుక పిల్లలు నోట పెట్టుకొనకుండ చూడవలెను. బంతి విత్తిన రెండు నెలలకు పూయును. తెలంగాణమున బతుకమ్మకు, అంతటను దసరాకు పూలు కావలెనన్నచో, ఆ యేటి పండుగ తేదీ చూచుకొని రెండు నెలలు వెనుకకు లెక్కించి విత్తుడు. ఇప్పుడే విత్తినచో పండుగనాటికి అవి ముదిరియుండును.

చామంతిని కడపట ఉంచితిని. దానిని గూర్చి అడుగువారు హెచ్చు. నిరుడు పూసిన మొదలు ఎండినట్లు కనబడినను, చుట్టును పిలకలు వేసియుండును. వేరుతో సహా ఆ పిలకలను విడదీసి, జూన్ చివరనుండి జూలై లోపల ఒక్కొక్క కుండీలో నాటుడు. నెల దినములకు కొన త్రుంచినచో ప్రక్కకొమ్మలు వచ్చి గుబురగును. చామంతి పొడవైన రాత్రులను చూచిగాని మొగ్గ తొడుగదు. చీకటి నడుమ వెలుగు పడినచో దానికి రాత్రి కుదించుకొని పోయినట్లే యగును. అందుచేత వీధి విద్యుద్దీపము క్రిందనో, తెల్లవార్లు వెలుగు అరుగు దీపము క్రిందనో పెట్టిన చామంతి ఆకులతో ఏపుగా పెరిగి, కార్తికము వచ్చినను పూయక యుండును. ఎరువు చాలలేదని గృహస్థు ఇంకను ఎరువు వేయును. ఎరువు కాదు, దానికి చీకటి కావలెను. అరుగు దీపమును రాత్రి తొమ్మిది గంటలకు ఆర్పవచ్చును గాని, వీధిదీపము మన చేతిలోనిది కాదు. కనుక భాద్రపదము మొదలు మొగ్గలు కనబడువరకు చామంతి కుండీలను దీపపు వెలుగు సోకని పెరటి ప్రక్కకు మార్చి, మొగ్గలు రంగు తిరిగిన పిమ్మట తిరిగి అరుగు మీదికి తెచ్చుకొనవలెను.